ఏ అధ్యాయం, క్రిస్టో?

అక్కా, ఈరోజు ఏజాక్స్ ఊరి తెలుగు చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పింది.

"గడ్డ ఉంది, స్కాన్ చేయాలన్నారండీ. నాకు చదువు రాదు కదా, మా క్రిస్టోని బైబిల్ తీసి చదవమన్నా. 'నీ రోగం తీసేశాను, భయపడకు' అని వచ్చిందండీ! రేపటి స్కాన్ కాన్సిల్ చేయించేశా."

అందరూ హల్లెలూయా అన్నారు.

పాస్టర్ గారు నా వైపు తిరిగి, "ఏ అధ్యాయం, క్రిస్టో?" అన్నారు.

నేను తల దించేసుకున్నా. "పిల్లాడికి సిగ్గండీ," అని ఒక ఆంటీ నవ్వింది.

సిగ్గే అక్కా. నాకు తెలుగు చదవడం రాదు. చిన్నప్పుడే ఈ దేశానికొచ్చేశాం కదా, అక్షరాలన్నీ పోయాయి. వచ్చని అమ్మకి అబద్ధం చెప్పా. ఆ రోజు తను వణికిపోతుంటే, పేజీ చూస్తూ నోటికొచ్చింది చెప్పేశా.

ఇది కూడా బాత్రూంలో కూర్చుని మెల్లగా చెప్తుంటే ఫోనే టైప్ చేస్తోంది.

అమ్మ బయట ఎర్ర పెన్ను పట్టుకుని నిలబడింది. ఆ వాక్యం కింద గీత గీసిమ్మంటోంది.

తలుపు తీస్తున్నా. చెప్పేస్తా. పొద్దున్నే క్లినిక్‌కి నువ్వు ఫోన్ చెయ్యవా?