ఎర్ర ఫ్రేము

"కాస్త కాలు తియ్యండి పెద్దమ్మా, రెండో సగం మొదలైపోతోంది."

చొక్కా నిండా మైదాపిండితో బావ సీట్ల వరుసలోకి దూరాడు.

మన జట్టు గోల్‌కీపర్‌కి అతను సొంత అక్క మొగుడు. బేకరీ నడుపుతాడు. మరదలు దేశం తరఫున ఫైనల్ ఆడే రోజే చూసుకుని ఓవెన్ మొరాయించింది. దాన్ని బతిమాలి, బాగుచేయించి వచ్చేసరికి సగం ఆట అయిపోయింది.

ఇరుగుపొరుగు దేశాల మధ్య ఫుట్సాల్ పోటీ అది. ఇండోర్ స్టేడియంలో, జట్టుకి ఐదుగురు చొప్పున ఆడే ఫుట్‌బాల్. మన ఆడపిల్లలు ఫైనల్‌కి రావడం ఇదే మొదటిసారి. స్కోరు రెండు, రెండు.

పెద్దావిడ కాలు తియ్యలేదు. కళ్ళు చికిలించి అతని వైపు చూసింది.

"కళ్ళజోడు తెచ్చుకోలేదా?"

"తెచ్చుకున్నాను బాబూ. ఇప్పుడు లేదు."

"పారేసుకున్నారన్నమాట. బాగుంది వరస."

ఆవిడ యాస కాస్త వేరుగా ఉంది. సరిహద్దు జిల్లాల మనిషేమోలే అనుకుని, ఆవిడ మోకాళ్ళు దాటి కూర్చున్నాడు.

"బంతి ఎవరి దగ్గరుంది బాబూ?"

దొరికిపోయాన్రా దేవుడా అనుకున్నాడు బావ. అయినా అతనిది ఊరికే ఉండే నోరు కాదు.

"మనవాళ్ళ దగ్గరే. అటిచ్చింది. మళ్ళీ ఇటిచ్చింది. అబ్బ, మధ్యలోంచి దూరిపోయింది చూడండి. కొట్టింది. గోల్."

స్టేడియం దద్దరిల్లింది. బావ సీటెక్కి గెంతాడు. పిండి రాలి ముందు వరుస వాళ్ళ నెత్తిన పడింది.

"మూడు, రెండు పెద్దమ్మా. చప్పట్లు కొట్టండి. మీ చేతులు మీకు కనబడుతున్నాయిగా."

ఆ మాట కాస్త ఎక్కువే. ఆవిడ మాత్రం ఏమీ అనుకోకుండా నెమ్మదిగా చప్పట్లు కొట్టింది.

"గోల్‌కీపర్ పిల్లకి బాగా కనబడుతోందా?"

"మా మరదలికా? భేషుగ్గా కనబడుతోంది. కొత్త కళ్ళజోడు కూడా పెట్టింది. ఎర్ర ఫ్రేము. మా ఆవిడ కొనిచ్చి ఉంటుంది, ఇలాంటివి నాకు చెప్పదు."

"నప్పిందా?"

"రాణిలా ఉంది."

ఆవిడ నవ్వింది.

"అవతలి జట్టులో ఆ పదో నంబరు పిల్లే మనవాళ్ళని ముప్పుతిప్పలు పెడుతోంది," అన్నాడు బావ పళ్ళు నూరుతూ. "దాని కాలు విరగ."

"అంత మాట వద్దు బాబూ."

"మీకు కనబడక అలా అంటున్నారు."

ఇంతలో రెఫరీ ఈల వేశాడు. బావ మొహం పాలిపోయింది.

"కొంప మునిగింది. మనవాళ్ళది ఆరో ఫౌల్. ఐదు దాటితే ఇక అడ్డుగా ఎవరినీ నిలబడనివ్వరు. కొట్టే మనిషి, ఎదురుగా గోల్‌కీపర్, అంతే."

"తెలుసు. కొట్టేదెవరు?"

"ఇంకెవరు, ఆ పదో నంబరే. ఆట అయిపోవచ్చింది. ఇది గానీ పడిందా, చేతికొచ్చిన కప్పు మళ్ళీ గాల్లోకే."

ఆవిడ చెయ్యి వచ్చి అతని మోచేతిని పట్టుకుంది. వేళ్ళు గుచ్చుకునేంత గట్టిగా. మనవాళ్ళ కోసం ఎంతలా తల్లడిల్లిపోతోందో పాపం అనుకున్నాడు. మొదటిసారి ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"చెప్పు బాబూ. ఆపకుండా చెప్పు."

"బంతి పెట్టింది. వెనక్కి నడిచింది. మా మరదలు చేతులు చాపి నిలబడింది. పరుగెత్తుకొస్తోంది. కొట్టింది..."

చెప్పడం మర్చిపోయి బావ లేచి నిలబడ్డాడు. చుట్టూ జనమంతా ఒక్కసారిగా లేచి అరిచారు.

"ఏమైంది బాబూ?"

"ఆపేసింది పెద్దమ్మా. పై మూలకి పోయేదాన్ని ఎగిరి వేళ్ళతో తోసేసింది. గెలిచేశాం."

బావ ఏడుస్తున్నాడు. ఆవిడ అతని మోచెయ్యి వదల్లేదు.

"ఆ పిల్ల కొట్టిన దెబ్బ మంచిదేనా?"

"దెబ్బా? అబద్ధమెందుకు, అంత దెబ్బ నేనెక్కడా చూళ్ళేదు. ఇంకొకళ్ళయితే గోలే."

"అయితే సరే," అంది ఆవిడ, తృప్తిగా.

పతకాలూ ఫొటోలూ అయ్యాక గానీ మరదలు చేతికి దొరకలేదు.

"ఏమే, ఎర్ర ఫ్రేము అదిరింది. మీ అక్క కొనిచ్చిందా?"

"అక్కేంటి బావా? నా కళ్ళజోడు బంతి తగిలి మొదటి సగంలోనే ముక్కలైంది. రెండో గోల్‌కీపర్‌కి వేలు విరిగి ఉంది. ఇంకో జోడు హోటల్లో. దిక్కుతోచక ఏడుస్తుంటే ఎవరో పెద్దావిడ మెట్లు దిగొచ్చి తన కళ్ళజోడు తీసిచ్చింది. పవర్ దాదాపు నాదే. తాడు కట్టి పెట్టుకున్నా."

బావ ఆమె ముక్కు మీది ఎర్ర ఫ్రేముని మళ్ళీ చూశాడు.

"కళ్ళు కనబడని పిల్ల మీద గెలిస్తే అదేం గెలుపమ్మా అంది. ఏమందో అప్పుడు నాకు బుర్రకెక్కలేదు. ఇది ఇచ్చెయ్యాలి బావా, ఆవిడెక్కడుందో ఏమో."

బావ కళ్ళజోడు లాక్కుని పరుగెత్తాడు. సీటు ఖాళీ. మెట్ల మీద లేదు. గేటు బయట డప్పులు, ఈలలు, జెండాలు, ఇసుక వేస్తే రాలనంత జనం. వాళ్ళకి అవతల, పొరుగు జట్టు బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది.

దాని తలుపు దగ్గర ఆవిడ కనిపించింది.

"పెద్దమ్మా, మీ కళ్ళజోడు," అని గొంతు చించుకుని అరిచాడు. డప్పుల మోతలో అతని కేక అతనికే వినబడలేదు.

"మెట్టుంది అమ్మమ్మా, చూసుకో," అన్నట్టు ఆవిడ పాదాన్ని చేత్తో పట్టి జాగ్రత్తగా పైమెట్టు మీద పెడుతోంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన పదో నంబరు పిల్ల.