గోడకవతల

ఫైలు మళ్ళీ గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది.

ఆసుపత్రి మేనేజరు దాన్ని టేబులు మీదకి గిరాటేశాడు.

క్యాన్సరుకి కరెంటు పెట్టే కొత్త మిషన్ వచ్చి గదిలో పెళ్ళికూతురిలా కూర్చుంది. జనం కరెంటంటారు గానీ అందులో పెట్టేది రేడియోధార్మిక పదార్థం. లైసెన్సు చేతికి రానిదే ఆ సరుకు గడప తొక్కదు.

ఆ లైసెన్సు ఇచ్చే ఆఫీసులో ఒకావిడ ఉంది. ఏం పంపినా కొర్రీ వేసి వాపసు పంపుతుందని ఆసుపత్రిలో అందరూ ఆవిడకి ‘వాపసమ్మ’ అని పేరు పెట్టారు.

ఈసారి కొర్రీ ఇది: “గోడ మందం పాత దరఖాస్తులోంచి ఎత్తిరాశారు. గోడని మళ్ళీ పరీక్షించండి. గోడకవతల ఎవరు కూర్చుంటారు?”

“రేపు వాళ్ళ జాతకాలు కూడా అడుగుతుంది” అని గొణుక్కుంటూ మేనేజరు బయటికొచ్చాడు.

వరండాలో ఫ్లాస్కాయన లేచి నిలబడ్డాడు.

భార్య రిపోర్టులు చూపించి పేరు రాయించినప్పట్నించీ రోజూ వస్తాడు. మూత లేని ఫ్లాస్కొకటి పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. ఆ ఫ్లాస్కుకి బిరడా ఒక్కటే మిగిలింది.

“మిషన్ ఎప్పుడండీ?”

“మీ ఆవిణ్ణి వేరే ఊరు తీసుకెళ్ళకూడదూ?”

“అంత ప్రయాణం తట్టుకోలేదండీ. పైగా మొండి మనిషి, పని వదిలి రానంటుంది.”

మేనేజరుకి ఒళ్ళు మండిపోయింది. ఫైలు చంకన పెట్టుకుని నేరుగా వాపసమ్మ ఆఫీసుకి వెళ్ళాడు.

ఆవిడ బక్కపలచటి మనిషి. అంత ఎండలోనూ శాలువా కప్పుకుని, ఏదో మూతలో వేణ్ణీళ్ళు పోసుకుని గుక్క గుక్కగా తాగుతోంది.

“మేడమ్, మీ పెన్నులో ఇంకు గడ్డకట్టిందా?”

“లేదండీ. గోడ చూశారా?”

“గోడ ఎక్కడికి పోతుంది? కట్టినచోటే ఉంది.”

“పాత మిషన్ తీసేశాక గదికి మరమ్మతులు చేయించామని మీరే రాశారు. ఎవరైనా కన్నం పెట్టారేమో చూడండి, కిరణాలు అవతలికి పోతాయి. అవతల ఎవరుంటారు?”

“బిల్లుల కౌంటరు. మొన్నీమధ్యే పెళ్ళయిన పిల్ల కూర్చుంటుంది.”

“రోజంతానా?”

“జీతమిస్తున్నాం గదండీ, రోజంతానే!”

ఆవిడ ఫైలు ఇటు తోసింది. మేనేజరు గొంతు లేచింది.

“మా వరండాలో ఒకాయన పెళ్ళాం కోసం రోజూ బెంచీ అరగదీస్తున్నాడు. ఆయనకేం చెప్పమంటారు?”

మూత పెదాల దాకా వెళ్ళి ఆగింది.

“ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమనండి” అంది.

“మీ ఇంట్లో వస్తే తెలిసేది!” అనేసి వచ్చేశాడు.

మర్నాడు మేస్త్రీ గోడంతా సుత్తితో తడుతూ పోయాడు. ఒకచోట చప్పుడు మారింది.

ఏసీ పైపుకని ఎవరో కన్నం పెట్టి, ఆ పని మానుకుని, ఇటుక ముక్కలు కుక్కి పైన సిమెంటు మెత్తి రంగేసేశారు. సరిగ్గా బిల్లుల పిల్ల కుర్చీ వెనక.

“పూత బలే కుదిరింది సార్” అని మెచ్చుకున్నాడు మేస్త్రీ.

మేనేజరు ఆ ముక్కలన్నీ తవ్వించి కాంక్రీటు పోయించాడు. అది గట్టిపడేదాకా ఆగాల్సొచ్చింది. మళ్ళీ కాగితాలు పంపాడు. ఈసారి కొర్రీ లేకుండా సంతకం వచ్చింది. వెళ్ళి ఒక మంచిమాట చెప్పొద్దామనుకున్నాడు గానీ, అరిచి వచ్చిన గుమ్మం మళ్ళీ ఎక్కడానికి కాళ్ళు రాలేదు.

సరుకొచ్చింది. మిషన్ తిరిగింది.

మేనేజరు ఉషారుగా వరండాలోకి వచ్చాడు. ఫ్లాస్కాయన బెంచీ మీదే ఉన్నాడు. ఈసారి ఫ్లాస్కుకి మూత ఉంది.

“రేపు మీ ఆవిణ్ణి తీసుకురండి. మొదటి వంతు ఆవిడదే.”

“అక్కర్లేదండీ. కిందటి వారమే పోయింది.”

మేనేజరు ఆయన పక్కన కూర్చున్నాడు.

“మరి మీరు... ఇవాళ?”

“మిషన్ మొదలైతే ఒకసారి చూసి రమ్మందండీ.”

“ఇందులో మా తప్పూ ఉందండీ. కానీ ఆ ఆఫీసులో ఒకావిడుంది, ముందే సంతకం పడేసి ఉంటే మీ ఆవిడ...”

“రోజూ బతిమాలేవాణ్ణండీ, నీ ప్రాణం కోసమే గదా ఆ సంతకమేదో పెట్టెయ్యవే అని” అన్నాడాయన, ఫ్లాస్కు ఒళ్ళోకి తీసుకుంటూ, “గోడకవతల కూర్చునే పిల్లకీ మొగుడున్నాడు గదా, అనేది.”