కాకి ముట్టింది

హైమక్క పెద్దకర్మ రోజున బందరు కాలవగట్టు మీద పిండం పెట్టి గంటన్నర అయింది. కాకులు కొబ్బరిమట్టల మీద కూర్చుని చూస్తున్నాయే గానీ ఒక్కటీ దిగలేదు.

"ఆవిడకు తీరని కోరికేదో ఉండిపోయిందండీ. తీరుస్తామని మాటివ్వండి" అన్నారు పంతులుగారు.

బావ చేతులు జోడించాడు. "నీలాంటి ఇల్లాలు ఎవరికీ దొరకదు హైమా. నీ ఫొటో కలర్లో పెద్దది చేయించి హాల్లో పెడతాను."

కాకి రాలేదు.

"నీ ఆడపిల్లలు ముగ్గుర్నీ బాగా చదివిస్తామే తల్లీ" అంది అమ్మ. అప్పుడూ రాలేదు.

అందరూ నా వైపు చూశారు. పెళ్లికాని చెల్లెల్ని నేనొక్కదాన్నే.

"దాని బెంగంతా పిల్లల మీదేనే. బావని చేసుకుని వాళ్లని పెంచుతానని చెప్పు" అంది అమ్మ. నేను మట్టల మీది కాకుల వైపు చూశాను. "పైకి అనక్కర్లేదు. మనసులో అనుకో, చాలు."

కళ్లు మూసుకున్నాను. నాలుగో కాన్పు ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పినా, మగపిల్లాడు కావాల్సిందేనని పట్టుబట్టాడు బావ. ఆ కాన్పులోనే అక్కా, బిడ్డా ఇద్దరూ పోయారు.

'అక్కా, వీణ్ణి చచ్చినా చేసుకోను' అనుకున్నాను.

రెక్కల చప్పుడైంది. కాకి విస్తరి మీద వాలి పిండం ముట్టింది.

"ఒప్పుకుంది! నా బంగారుతల్లి ఒప్పుకుంది!" అమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చింది.

"కాదమ్మా, నేను అనుకున్నది..."

అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "పోయినవాళ్లకిచ్చిన మాట తప్పకూడదే."

బావ కాలవలో చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఈసారి కాన్పుకి బెజవాడలో మంచి ఆసుపత్రికే తీసుకెళ్దామండీ అత్తయ్యగారూ" అన్నాడు.