పట్టీ కట్టిన చెయ్యి

చేతి కదలికలు లెక్కపెట్టే పట్టీతో సహా బావమరిది కొనిచ్చిన వస్తువేదీ సరిగ్గా పనిచేసిన పాపాన పోలేదని టైలరు మండిపడ్డాడు. పక్షవాతం వచ్చిన అతని కుడి చెయ్యి ఫిజియోథెరపీ గదిలో బల్లమీద మిగులు గుడ్డముక్కలా పడి ఉంది.

"పట్టీనేం అనకండి బాబాయ్," అంది ఫిజియో అమ్మాయి, ఫోను చూస్తూ. "ఇంట్లో రోజుకి మూడొందల సార్లు చెయ్యెత్తుతున్నట్టు లెక్క పంపుతోంది. ఇక్కడేమో ఖాళీ గ్లాసు కూడా కదలట్లేదు. ఇంతకీ ఏ చేతికి కట్టుకుంటున్నారు?"

టైలరు తల దించుకున్నాడు. "ఎడమ చేతికి."

"అయ్యో, అదేంటి!"

"మీ పిన్నే కడుతుందమ్మా. మొదటివారం సరిగ్గానే కట్టింది. తర్వాత ఎదురుగా నిలబడి కట్టడంలో కుడీ ఎడమా పొరబడిందనుకున్నా. సాయంత్రం ఫోన్లో ఆ అంకె చూసి మురిసిపోయేది. చెప్పడానికి నోరు రాలేదు."

"పొరబాటేం కాదు," అంది పక్కనే నిలబడ్డ భార్య. "ఆ వారమంతా సున్నాలే వచ్చాయి. అది చూసి ఈయన అన్నం ముట్టలేదు. చెయ్యి సంగతి దేవుడెరుగు, ముందు మనిషి దక్కాలి కదా."

"తెలిసే కట్టావా?"

"తెలిసే ఊరుకున్నారా?"

ఫిజియో అమ్మాయి అతని ఎడమచేతి మీది చొక్కాను పైకి మడిచింది. పట్టీ విప్పి కుడి చేతికి బిగించింది. "ఆ లెక్క నమ్మి మిమ్మల్ని ముందే రమ్మనలేదు. పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లో విన్నంత తేలిగ్గా ఈ చెయ్యి తర్వాత మాట వినదు, పిన్నీ," అంది మెల్లగా.

టైలరు భార్యకేసి చూశాడు. "ఎన్నాళ్లు పోగొట్టుకున్నాం?"

ఫిజియో అమ్మాయి ఫోనులో తేదీలు వెతుకుతుండగానే భార్య చెప్పింది.

"నలభై ఒక్క రోజులు."