అయిదు చుక్కల బాత్‌రూమ్

మొదటి చెంచా సూప్ నోట్లో పడగానే చుక్కల సారు దాన్ని తిరిగి గిన్నెలోకే ఉమ్మేశాడు.

"థూ! సబ్బు! సూప్‌లో సబ్బు వాసన!"

ఆ కేకకి నాలుగు టేబుళ్ళవాళ్ళు చెంచాలు దించేశారు. ఓనరు పరుగున వచ్చాడు. రాకేం చేస్తాడు? వారం వారం పత్రికలో హోటళ్ళకి చుక్కలు వేసే సారు ఈయనే. అయిదు చుక్కలు పడితే గుమ్మం ముందు క్యూ, ఒక్కటే పడితే తలుపుకి తాళం.

"సబ్బేంటి సార్... గిన్నెలు ఒకటికి రెండుసార్లు తోమిస్తాం. ఆ వాసనేమో" అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"సబ్బు సంగతి సరే, మరి ఇదో?" అంది సారు భార్య. మెనూ కార్డుని రెండు వేళ్ళ కొసలతో ఎత్తి చూపించింది. దాని అట్టకి ఎప్పటిదో గుడ్డు సొన ఎండి అతుక్కుపోయి ఉంది. మంచినీళ్ళ గ్లాసు అంచున ఎవరి పెదాల రంగో. టేబుల్ మీద మోచెయ్యి ఆనిస్తే మళ్ళీ ఊడి రానంత జిగురు. "లేవండి, పోదాం."

సారుకి భయం పట్టుకుంది. పోయిన నెల ఆయన నాలుగు చుక్కలు వేసిన హోటల్లో తిని పదకొండు మంది వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే మీ శీర్షిక ఎత్తేస్తానని ఎడిటరు మొహం మీదే చెప్పేశాడు.

"అర చుక్క కూడా వెయ్యను" అంటూ సారు ఫోన్ తీసి రాయబోయాడు.

"అయ్యో, మీ పద్ధతి మీరే మర్చిపోతే ఎలా సార్?" అన్నాడు ఓనరు. "ముందు బాత్‌రూమ్ చూడండి, తర్వాతే మెనూ చూడండి. మీరు ప్రతి వారం రాసే మాటే కదా! కత్తిరించి గల్లాపెట్టె మీద అంటించుకున్నాను."

సారు వేలు ఆగిపోయింది. పోయిన నెల కొంప మునిగింది కూడా అందుకే అని ఆయన నమ్మకం. ఆ రోజు అక్కడి బాత్‌రూమ్‌కి ఏదో మరమ్మతని చూడకుండా వచ్చేశాడు మరి.

"చూడాలనుకుంటే వంటిల్లు చూడండి. మనం తినేది అక్కడ వండిందే కదా" అంది భార్య.

"నీకు తెలీదులే. వంటిల్లు చూస్తానంటే ఎవడైనా గబగబా సర్దేస్తాడు. మనిషి గుట్టు బాత్‌రూమ్ దగ్గరే బయటపడుతుంది."

"మీరు బాత్‌రూమ్ చూస్తారని ఊరందరికీ తెలుసు కదండీ!"

ఆ మాట సారు చెవికెక్కలేదు. ఓనరు వెనకాలే నడిచాడు. బాత్‌రూమ్ తలుపు లోపల గడియ వేసి ఉంది. ఓనరు రెండుసార్లు కొట్టి, "సారొచ్చారు" అన్నాడు. లోపల ఏవో గిన్నెలు కదిలిన చప్పుడు. కాసేపటికి ఏప్రన్ కట్టుకున్న మనిషి ఒకడు, తువ్వాలు కప్పిన బకెట్టుతో తల వంచుకుని బయటికొచ్చాడు. బాగా కడిగినట్టున్నాడు, పాపం చెమటలు కారుతున్నాయి.

సారు లోపల అడుగుపెట్టి నోరు తెరిచాడు. తెల్లటి నేల తళతళలాడుతోంది. గోడల మీద మరక లేదు. కుళాయిలో మొహం చూసుకోవచ్చు. గాలి నిండా కమ్మటి నిమ్మ సబ్బు వాసన. బేసిన్ అంచున పచ్చటి ఆకు ఒకటి నీటి బొట్టుతో మెరుస్తోంది. అలంకారం కాబోలు అనుకుని ముచ్చటపడిపోయాడు.

"ఇదీ శుభ్రత అంటే!" అన్నాడు తిరిగి టేబుల్ దగ్గరికొచ్చి. "సబ్బు వాసన రావడం కూడా ఒకందుకు మంచిదే. కడుగుతున్నారన్నమాట."

సలాడ్ తెప్పించుకుని ఒక్క ఆకు మిగల్చకుండా తిన్నాడు. వేడి వేడి బ్రెడ్ సూప్‌లో ముంచుకుని మరీ లాగించాడు. తను ఉమ్మిన గిన్నె అదేనన్న ధ్యాస కూడా లేదు మహానుభావుడికి. భార్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

తినడం అవగానే సారు ఫోన్‌లో టకటకా కొట్టాడు. "ఈ హోటల్ బాత్‌రూమ్ నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. అయిదు చుక్కలు." ఎడిటరుకి పంపేశాడు. క్షణంలో జవాబొచ్చింది. 'వెబ్‌సైట్‌లో పెట్టేశాం. ఆ బాత్‌రూమ్ ఫోటో కూడా పంపండి.'

"ఒక్క నిమిషంలో వస్తా" అని సారు ఒక్కడే వెళ్ళాడు. ఈసారి గడియ లేదు. ఫోన్ కెమెరా తెరిచి పట్టుకుని తలుపు తోశాడు.

బేసిన్ నిండా నీళ్ళు, అందులో నానుతున్న సలాడ్ ఆకులు. నేల మీద సగం పొలుసు తీసిన చేపలు. కమోడ్ మూత మీద పెద్ద బేసిన్, అందులో మోచేతుల దాకా చేతులు పెట్టి బ్రెడ్ పిండి పిసుకుతున్నాడు ఆ ఏప్రన్ మనిషి.

సారుకి తిన్నదంతా గొంతులోకి వచ్చింది. "ఒరేయ్... ఇక్కడా... వండేది?" అన్నాడు గోడ పట్టుకుని.

వంటవాడు పిండి బేసిన్ ఎత్తి కింద పెట్టి, కమోడ్ మూత తెరిచాడు.

"రండి సార్, మీరు కానివ్వండి, నేనటు తిరుగుతాను. వంటింట్లో ఎలకలు, పురుగులు, కాలు పెట్టలేం. మీ పుణ్యమా అని మా హోటల్లో రోజూ కడిగే గది ఇదొక్కటే!"