ఇటుక ఆగే చోటు

"సారూ, ఇటుకలు అందిస్తున్నారా, పగ తీర్చుకుంటున్నారా?" పరంజా మీదినుంచి మేస్త్రి కేకేశాడు. రెండో ఇటుక అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడేలోగా గోడ లేవకపోతే కలిపిన సిమెంటంతా నీళ్లపాలే. రోజూ ఇటుకలు ఎగరేసి అందించే మేస్త్రి భార్యకు పొద్దున్నే మణికట్టు బెణికింది. దాంతో ఇల్లు కట్టించుకుంటున్న లెక్చరరే రంగంలోకి దిగాడు. ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నవాడు, ఆమాత్రం ఇటుక విసరలేడా?

మూడోది మేస్త్రి వేళ్లకి తగిలింది. అతను తూలి, కర్ర పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మా ఆయన్ని కింద పడేస్తారేంటి సార్!" ఆమె లేచొచ్చింది. "అంత బలమెందుకు? ఆయన చేతి దాకా వెళ్లేసరికి ఇటుక అలిసిపోవాలి. పైకి పోలేక, కిందికి రాలేక ఓ క్షణం ఆగుతుంది చూడండి, అక్కడ పట్టుకుంటాడు."

లెక్చరరు చేతిలోని ఇటుక వైపు చూశాడు. పైకి విసిరిన వస్తువుకు శిఖరం దగ్గర నిలువు వేగం సున్నా. ఏటా తాను బోర్డు మీద గీసి, రెండు మార్కులు వేసే ముక్క.

ఈసారి మెల్లగా ఎగరేశాడు. ఇటుక గాల్లో లిప్తపాటు ఆగింది. మేస్త్రి దాన్ని అరలోంచి తీసుకున్నట్టు తీసుకున్నాడు.

లెక్చరరు ఇంకోటి అందుకుని ఆమె వైపు తిరిగాడు.

"ఈ ఊపు చాలామ్మా, ఇంకాస్త తగ్గించనా?"