మందు పేరు

"తాగింది పురుగుమందే. ఏ మందమ్మా?" అని అడిగింది డాక్టర్ షమా.

"చేలో కొట్టే మందేనండీ," అంది వెంకటరావమ్మ.

మంచం మీద ఆమె మొగుడు బుల్లయ్య నురగ కక్కుతున్నాడు. చేలోంచి వచ్చిన కాసేపటికే పంచలో కూలబడ్డాడు. ఆటోలో వేసి వినుకొండ తీసుకొచ్చారు.

"చేలో కొట్టేవి వంద రకాలుంటాయి. ఒక్కోదానికి విరుగుడు ఒక్కోటి. పేరు చెప్పండి, టైము లేదు."

"మిరప చేనుదండీ."

"అది పేరు కాదమ్మా!"

వెంకటరావమ్మ బిక్కచచ్చిపోయింది. దారి పొడుగునా కోటప్పకొండ స్వామిని పిలుస్తూనే వచ్చింది. స్వామి పేరు తప్ప ఆమెకు ఇంకో పేరు గుర్తు రావడం లేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో మందంటే మందే. ఎర్ర డబ్బాది, నీలం డబ్బాది, అంతే.

ఆమె తమ్ముడు కోటేష్ పక్కింటికి ఫోన్ చేశాడు. వాళ్లు కొట్టంలో చూసి చెప్పారు. ఆరు డబ్బాలున్నాయి. ఆరూ మూత తీసినవే.

ఫోన్ పెట్టేసి కోటేష్ మేనకోడలి మీద పడ్డాడు.

తేజశ్రీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బీఈడీ చదివింది. పంచలో చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతుంది. నిన్న డీఎస్సీ జాబితా వచ్చింది. రెండోసారి కూడా అందులో ఆమె పేరు లేదు.

"చల్లగా ఉందా? మా అమ్మాయి టీచరు అయిపోయినట్టేనని మీ నాన్న ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఇప్పుడు మొహం చూపించలేక ఈ పని చేశాడు. లేకపోతే ఏం లోటే ఆయనకి? ఈ ఏడు కాపు ఎలా ఉందో చూశావుగా!"

"ఊరుకోరా," అంది వెంకటరావమ్మ. "అది మాత్రం కావాలని తప్పిందా?"

తేజశ్రీ తల్లి భుజం పట్టుకుంది.

"అమ్మా, మందు అంటే కామన్ నౌన్. అన్నిటికీ అదే మాట. డాక్టరుగారు అడిగేది ప్రాపర్ నౌన్. ఆ ఒక్కదానికే ఉండే పేరు."

"ఛీ! మనిషి పోతుంటే ఇక్కడ కూడా పాఠమేనటే?" అని అరిచాడు కోటేష్.

తేజశ్రీ డాక్టర్ దగ్గరికి నడిచింది. మందు పేరు చెప్పింది. ట్యూషన్ పిల్లలకు చెప్పినట్టు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

"ఇదేనా? ఆరు డబ్బాలున్నాయన్నారుగా?"

"ఇదేనండి."

"నాన్న తాగుతుంటే చూశావా?"

"లేదండి. డబ్బా మీద పేరు చదివాను."

షమా ఆమెను ఒక్క క్షణం చూసి, లోపలికి పరుగెత్తింది.

మూడో రోజు మధ్యాహ్నం బుల్లయ్య గొంతులోంచి గొట్టం తీశారు.

"పేరు తెలియబట్టి దక్కాడు. మీ అమ్మాయే బతికించింది," అంది షమా.

"మా స్వామే దాని నోట పలికించాడమ్మా," అని వెంకటరావమ్మ రెండు చేతులూ జోడించింది. స్వామి పలికించాడా, ఇంకేదైనా పలికించిందా? అప్పుడు ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

కోటేష్ మాత్రం సిగ్గుపడ్డాడు. "ఏమనుకోకే. నోరు జారాను," అన్నాడు మేనకోడలితో. తేజశ్రీ తల ఎత్తలేదు. మూడు రోజులుగా ఆమె తండ్రి పాదాల దగ్గరనుంచి కదల్లేదు. మెతుకు ముట్టలేదు.

కోటేష్ మంచం మీదికి వంగాడు.

"ఎంత పని చేశావు బావా! మందు తాగేంత కష్టం ఏమొచ్చింది నీకు?"

బుల్లయ్య అయోమయంగా చూశాడు.

"నేను మందు తాగడమేంట్రా? దాహమేసి, అమ్మాయి గదిలో బల్ల మీద గ్లాసుతో మజ్జిగ ఉంటే తాగాను."